రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే: దూరాన ఉన్న కంప్యూటర్‌కు భద్రమైన దారి

ఆఫీసులోని కంప్యూటర్‌ను ఇంటి నుంచో, మరో ఊరి నుంచో ఇంటర్‌నెట్ మీదుగా వాడుకునేవారికి, ఆ కంప్యూటర్‌కు మధ్య నిలబడే సర్వర్‌ను రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే అంటారు. వచ్చినవారెవరో ఇది తేల్చుకుంటుంది, అనుమతి ఉన్న యంత్రం దగ్గరికే పంపిస్తుంది, వచ్చి వెళ్లిన సంగతి రాసి పెడుతుంది. ఐటీ విభాగాల్లో ఆర్‌డీ గేట్‌వే అని పిలుస్తారు. మైక్రోసాఫ్ట్ దీన్ని విండోస్ సర్వర్ 2008లో ‘టెర్మినల్ సర్వీసెస్ గేట్‌వే’ పేరుతో ప్రవేశపెట్టింది. 2009లో వచ్చిన విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి ఇప్పటి పేరు స్థిరపడింది. ఇదే పని చేసే ఇతర సాధనాలను కూడా వాడుకలో ‘రిమోట్ యాక్సెస్ గేట్‌వే’ అనే అంటున్నారు.

హైదరాబాద్ హైటెక్ సిటీలోని ఆఫీసు కంప్యూటర్‌ను తమిళనాడులోని ధర్మపురి జిల్లా మహేంద్రమంగళం నుంచి తెరిచి పనిచేసుకోవడం ఇవాళ పెద్ద విషయమేమీ కాదు. అదే దారిలో మరొకరు చొరబడకుండా చూసుకోవడమే అసలు పని. గేట్‌వే ఎలా పనిచేస్తుంది, దాన్ని ఎలా అమర్చాలి, ఎక్కడ పొరపాటు పడతారు, తెలుగునాట దూర ప్రవేశం ఎలా పెరిగింది అన్నవి ఈ వ్యాసంలోని ప్రధానాంశాలు.

ఎందుకు అవసరమైంది

విండోస్ కంప్యూటర్‌ను దూరం నుంచి తెరవడానికి రిమోట్ డెస్క్‌టాప్ ప్రోటోకాల్, అంటే ఆర్‌డీపీ, ఉంది. ఇది టీసీపీ 3389 పోర్టు మీద నడుస్తుంది. ఆఫీసు రూటర్‌లో ఆ పోర్టును లోపలి కంప్యూటర్‌కు మళ్లిస్తే చాలు, పని మొదలవుతుంది. చాలా చిన్న సంస్థలు చేసేది అదే. అమర్చడానికి పది నిమిషాలు కూడా పట్టదు కాబట్టి అందరికీ సులువుగా కనిపిస్తుంది.

ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఇంటర్‌నెట్‌లోని పబ్లిక్ ఐపీ చిరునామాలను ఒక్కొక్కటిగా తడుముతూ, 3389 ఎక్కడ తెరిచి ఉందో వెతికే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు నడుస్తుంటాయి. పోర్టు దొరికితే అడ్మినిస్ట్రేటర్, అకౌంట్స్, టాలీ లాంటి ఊహించదగిన యూజర్ పేర్లతో వేలాది పాస్‌వర్డులు వరసగా ప్రయత్నిస్తాయి. ఒక్కటి కుదిరినా ఫైళ్లన్నింటికీ తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ లోపలికి దిగుతుంది. పోర్టు నంబరును 3389 నుంచి మరో అంకెకు మార్చుకుంటే సరిపోతుందనే నమ్మకం విస్తృతంగా ఉంది. అది కేవలం వెతుకులాటను కాస్త ఆలస్యం చేస్తుంది, ఆపదు.

మరో చిక్కు చిరునామాలది. లోపలి కంప్యూటర్లకు 192.168 లేదా 10తో మొదలయ్యే ప్రైవేటు చిరునామాలుంటాయి. 1996లో ప్రామాణికమైన ఈ చిరునామాలు బయటి ప్రపంచానికి కనిపించవు. ఇరవై కంప్యూటర్లు ఉన్న ఆఫీసులో ఒక్కొక్కదానికీ ఒక్కో పోర్టు తెరుచుకుంటూ పోతే ఇరవై ద్వారాలకు కాపలా పెట్టాల్సి వస్తుంది. గేట్‌వే ఈ రెండు సమస్యలకూ ఒకేసారి జవాబు చెబుతుంది. బయటికి కనిపించేది ఒక్క సర్వరే. 3389 పోర్టు ఇంటర్‌నెట్‌కు పూర్తిగా మూసి ఉంటుంది.

చరిత్ర

దూరాన ఉన్న యంత్రంలోకి ప్రవేశించాలన్న కోరిక కంప్యూటర్ నెట్‌వర్కులంత పాతది. ఇంటర్‌నెట్‌కు ముందుతరమైన అర్పానెట్‌లో 1969 అక్టోబర్ 29న వెళ్లిన తొలి సందేశం ఒక లాగిన్ ప్రయత్నమే. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ కంప్యూటర్‌లోకి ప్రవేశించబోగా, రెండక్షరాలు వెళ్లగానే అవతలి వ్యవస్థ ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన టెల్‌నెట్ పాస్‌వర్డును కూడా బాహాటంగా పంపేది. దారిలో ఎవరైనా చదివేయవచ్చు. ఆ లోటును తీర్చడానికి ఫిన్లండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో టాటూ యూలోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రూపొందించారు. పాస్‌వర్డు చోరీ దాడి తమ విశ్వవిద్యాలయ నెట్‌వర్కు మీదే జరగడం ఆయన్ను ఆ పనికి పురికొల్పింది.

తెర మొత్తాన్ని, మౌస్ కదలికతో సహా, దూరానికి చేర్చే పద్ధతులు 1990లలో ఎదిగాయి. కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి పరిశోధనాలయం వీఎన్‌సీని తయారు చేసింది. సిట్రిక్స్ సంస్థ ఒకే విండోస్ సర్వర్‌ను ఎక్కువమంది ఏకకాలంలో వాడే పరిజ్ఞానాన్ని అభివృద్ధి చేయగా, మైక్రోసాఫ్ట్ దాన్ని లైసెన్సు తీసుకుని 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్ విడుదల చేసింది. ఆర్‌డీపీ ప్రయాణం అక్కడ మొదలైంది. 2001లో విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌తో అది మామూలు డెస్క్‌టాప్‌లకూ చేరింది. వాడుక ఇంటర్‌నెట్ మీదికి పాకాక మధ్యలో కాపలాదారు అవసరం తెలిసివచ్చింది. 2008 నాటి గేట్‌వే ఆ అవసరంలోంచి పుట్టింది.

నిర్మాణం, పనితీరు

గేట్‌వే సాధారణంగా ఆఫీసు నెట్‌వర్కు అంచున ఉంటుంది. బయటి నుంచి దాని దగ్గరికి రావడానికి టీసీపీ 443 పోర్టు వాడతారు. బ్యాంకు వెబ్‌సైట్లు, వార్తా వెబ్‌సైట్లు నడిచే హెచ్‌టీటీపీఎస్ పోర్టు కూడా ఇదే. అందుకే హోటల్ వైఫై, కాలేజీ నెట్‌వర్కు, మొబైల్ డేటా లాంటి చోట్ల ఇతర పోర్టులు మూసి ఉన్నా గేట్‌వే దారి మాత్రం తెరిచే ఉంటుంది. విండోస్ సర్వర్ 2012 నుంచి యూడీపీ 3391 పోర్టు కూడా తోడైంది. లైన్ నిలకడగా లేనప్పుడు యూడీపీ మార్గంలో తెర కదలికలు మెరుగ్గా వస్తాయి.

ఒక కనెక్షన్ ఎలా సాగుతుందో చూద్దాం. యూజర్ తన ల్యాప్‌టాప్‌లో రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ తెరిచి, ఆఫీసులోని తన కంప్యూటర్ పేరు, గేట్‌వే పేరు ఇస్తారు. ల్యాప్‌టాప్ ముందుగా గేట్‌వేను 443 పోర్టు మీద పలకరిస్తుంది. గేట్‌వే తన సర్టిఫికెట్ చూపిస్తుంది. అందులోని పేరు యూజర్ ఇచ్చిన పేరుతో సరిపోవాలి, దాన్ని జారీ చేసిన సంస్థను ల్యాప్‌టాప్ నమ్మాలి. అది కుదిరితే రెంటి మధ్యా టీఎల్‌ఎస్ సంకేతీకరణతో ఒక సొరంగం ఏర్పడుతుంది. ఆ తర్వాతే యూజర్ పేరు, పాస్‌వర్డు వెళతాయి.

ఇప్పుడు గేట్‌వే రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. ఈ మనిషి గేటు దాటవచ్చా అన్నది మొదటిది. దీనికి జవాబిచ్చే నియమాన్ని కనెక్షన్ ఆథరైజేషన్ పాలసీ, పొట్టిగా ‘క్యాప్’ అంటారు. దాటాక ఏ కంప్యూటర్ దగ్గరికి వెళ్లవచ్చు అన్నది రెండోది. దీని నియమం రిసోర్స్ ఆథరైజేషన్ పాలసీ, అంటే ‘ర్యాప్’. పాతకాలపు పెద్ద లోగిలిలో వీధి వాకిలి దాటనిచ్చినంత మాత్రాన వచ్చినవారు ధాన్యం కొట్టులోకి పోలేరు. ఈ రెండు పాలసీల మధ్య తేడా అదే. రెండూ ఒప్పుకుంటేనే గేట్‌వే లోపలి వైపు 3389 పోర్టు మీద ఆ ఒక్క కంప్యూటర్‌కు కనెక్షన్ కలుపుతుంది. ఆ కంప్యూటర్ కూడా మళ్లీ తన వంతుగా యూజర్‌ను సరిచూసుకుంటుంది.

అమర్చే విధానం

అమరిక పని సర్వర్ ముందు కూర్చోకముందే, ఎవరికి ఏ కంప్యూటర్ అవసరమో రాసుకోవడంతో మొదలవుతుంది. అకౌంట్స్ విభాగానికి ఏ యంత్రాలు, డిజైన్ విభాగానికి ఏవి, బయటి నుంచి మరమ్మతు చేసే సాంకేతిక నిపుణుడికి ఏవి అన్న జాబితా తయారైతే, పాలసీలు వాటంతటవే తేలిపోతాయి. ఆ జాబితా లేకుండా మొదలుపెట్టినవారు చివరకు ‘అందరికీ అన్నీ’ అని టిక్కు పెట్టేస్తారు.

ఆ తర్వాత విండోస్ సర్వర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ కింద ఉన్న గేట్‌వే రోల్‌ను ఎంచుకుని ఇన్‌స్టాల్ చేయాలి. దానితో పాటు ఐఐఎస్ అనే వెబ్ సర్వర్, నెట్‌వర్క్ పాలసీ సర్వర్ కూడా దిగుతాయి. ఈ సర్వర్ సంస్థ డొమైన్‌లో భాగమై ఉంటే యూజర్ గ్రూపులను నేరుగా వాడుకోవచ్చు. డొమైన్ కంట్రోలర్ మీదే గేట్‌వేను పెట్టడం మాత్రం తగదు. ఇంటర్‌నెట్‌కు ఎదురుగా నిలిచే యంత్రం, పాస్‌వర్డులన్నీ దాచుకున్న యంత్రం ఒకటే కాకూడదు.

సర్టిఫికెట్ దగ్గర చాలామంది ఇబ్బంది పడతారు. బయటివారు ఏ పేరుతో గేట్‌వేను పిలుస్తారో అదే పేరు సర్టిఫికెట్‌లో ఉండాలి. లోపలి సర్వర్ పేరుతో తీసుకుంటే పనిచేయదు. ప్రైవేటు కీతో సహా సర్వర్‌లోకి దించుకుని, గేట్‌వే మేనేజర్‌లో దాన్ని ఎంచుకోవాలి. సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్ పరీక్షకు పనికొస్తుంది గానీ, దాన్ని వాడాలంటే ప్రతి యూజర్ కంప్యూటర్‌లోనూ నమ్మకమైనదిగా చేర్చాలి. అలా చేర్చనప్పుడు వచ్చే హెచ్చరికను ‘పర్వాలేదు’ అని దాటేయడం అలవాటైతే, నకిలీ గేట్‌వే ఎదురైన రోజున కూడా యూజర్ అలాగే దాటేస్తారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు ఉచితంగానే సర్టిఫికెట్లు ఇస్తున్నాయి. వాటి గడువు తక్కువ కాబట్టి పునరుద్ధరణ దానంతట అదే జరిగేలా స్క్రిప్టు పెట్టుకోవాలి, కొత్త సర్టిఫికెట్ గేట్‌వేకు అతుక్కుందో లేదో చూసుకోవాలి.

క్యాప్‌లో ఏ యూజర్ గ్రూపుకు అనుమతో చెప్పాలి. ‘డొమైన్ యూజర్స్’ అని మొత్తం సంస్థను చేర్చకుండా, దూరం నుంచి పనిచేయాల్సిన వారితో వేరే గ్రూపు పెట్టుకోవడం మంచి పద్ధతి. ఉద్యోగి మానేసిన రోజు ఆ ఒక్క గ్రూపులోంచి పేరు తీసేస్తే చాలు. క్లిప్‌బోర్డు, ప్రింటర్, యూజర్ సొంత డ్రైవులు ఆఫీసు కంప్యూటర్‌కు కలవాలా వద్దా అన్నదీ ఇక్కడే తేలుతుంది. డ్రైవు కలిపితే ఆఫీసు ఫైలు ఇంటి ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోవచ్చు. ఖాతాదారుల వివరాలున్న చోట అది ఆపాల్సిందే. ఎంతసేపు కదలిక లేకపోతే కనెక్షన్ తెంచాలో కూడా ఇందులోనే ఉంటుంది.

ర్యాప్‌లో ఏ గ్రూపు ఏ కంప్యూటర్లకు వెళ్లవచ్చో, ఏ పోర్టు వాడవచ్చో నిర్ణయిస్తారు. ‘ఏ నెట్‌వర్కు వనరుకైనా’ అన్న ఎంపిక కనబడుతుంది, అది ఎంచుకుంటే గేటు పెట్టిన ఉద్దేశమే పోతుంది. ఇక్కడ కంప్యూటర్‌ను ఏ పేరుతో నమోదు చేశామో, యూజర్ కూడా అదే రూపంలో ఇవ్వాలి. పొట్టి పేరు నమోదు చేసి పూర్తి డొమైన్ పేరుతో పిలిస్తే గేట్‌వే ఒప్పుకోదు. రెండు రూపాలనూ చేర్చుకోవడం మేలు.

ఫైర్‌వాల్‌లో బయటి నుంచి గేట్‌వేకు టీసీపీ 443, కావాలనుకుంటే యూడీపీ 3391 మాత్రమే తెరవాలి. గేట్‌వే నుంచి లోపలికి, జాబితాలో ఉన్న కంప్యూటర్ల 3389 పోర్టుకు మాత్రమే దారి ఇవ్వాలి. పాత పోర్టు మళ్లింపులు రూటర్‌లో మిగిలిపోయి ఉంటే వెతికి తీసేయాలి. గేట్‌వే పెట్టి కూడా పాత 3389 దారి మూయడం మరిచిపోతే, చేసిన శ్రమంతా వృథా.

యూజర్ వైపు పని తక్కువే. రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్‌లోని అడ్వాన్స్‌డ్ పేజీలో గేట్‌వే పేరు ఇచ్చి, ఆఫీసులో ఉన్నప్పుడు గేట్‌వే అవసరం లేకుండా నేరుగా వెళ్లే ఎంపికను టిక్ చేసి, ఆ అమరికను ఆర్‌డీపీ ఫైలుగా దాచి ఉద్యోగులకు పంపితే సరిపోతుంది. అవతలి కంప్యూటర్ విండోస్ ప్రొఫెషనల్ లేదా ఆపై ఎడిషన్ అయి ఉండాలి. హోమ్ ఎడిషన్ బయటి నుంచి వచ్చే ఆర్‌డీపీని స్వీకరించదు. గేట్‌వే వాడకానికి రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ లైసెన్సులు కూడా అవసరం. ఈ ఖర్చును మొదటే లెక్కలో వేసుకోవాలి.

రెండో అంచె ధ్రువీకరణ లేని గేట్‌వేను పూర్తయిందని చెప్పలేం. పాస్‌వర్డు దొంగతనం అయినా ఫోన్‌లో అనుమతి ఇవ్వందే తలుపు తెరుచుకోకూడదు. మైక్రోసాఫ్ట్ పద్ధతిలో నెట్‌వర్క్ పాలసీ సర్వర్‌కు ఒక అనుబంధాన్ని చేర్చి ఇది సాధిస్తారు. యూజర్ ఫోన్ తీసి ‘అప్రూవ్’ నొక్కేంతవరకు సర్వర్ ఆగాలి కాబట్టి, నిరీక్షణ గడువును 60 సెకన్ల దాకా పెంచుకోవాల్సి ఉంటుంది. ఇది మరిచిపోతే యూజర్ నొక్కేలోపే కనెక్షన్ విఫలమై, తప్పెక్కడుందో అర్థం కాక తలలు పట్టుకుంటారు.

మహేంద్రమంగళం లాంటి ఊరి నుంచి

మహేంద్రమంగళం ధర్మపురి జిల్లాలో పాలక్కోడు ప్రాంతానికి చెందిన ఊరు. పాలక్కోడు టమాటా మార్కెట్టుకు పేరున్నది. సేలం నుంచి ధర్మపురి, పాలక్కోడు, హోసూరు మీదుగా బెంగళూరుకు రైలు మార్గం ఉంది. ఉత్తరాన కృష్ణగిరి జిల్లాలోని హోసూరు, డెంకణికోట ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి విడిపోయే వరకు ఇవన్నీ ధర్మపురి జిల్లాలోవే. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ సిటీకి దారి హోసూరు రోడ్డే కావడంతో, ఈ పట్టీలోని యువత ఐటీ ఉద్యోగాలకు పోవడం సహజమైంది.

ఇలాంటి ఊరి నుంచి పనిచేసేవారికి గేట్‌వే చేసే మేలు ఒకటుంది. మొబైల్ కంపెనీలు పబ్లిక్ ఐపీవీ4 చిరునామాలు చాలక, ఒకే చిరునామాను ఎంతోమందికి పంచుతాయి. 2012లో ఇందుకోసం 100.64తో మొదలయ్యే చిరునామాల పట్టీని ప్రత్యేకించారు. ఈ ఏర్పాటు కింద ఉన్న ఇంటికి బయటి నుంచి ఎవరూ నేరుగా రాలేరు. కానీ గేట్‌వే పద్ధతిలో పిలుపు ఇంటి నుంచే బయలుదేరుతుంది. కాబట్టి స్థిరమైన పబ్లిక్ చిరునామా ఆఫీసు గేట్‌వేకు ఉంటే చాలు, ఊళ్లో ఉన్న ఉద్యోగికి 4జీ డాంగిల్ అయినా ఫర్వాలేదు.

దూరం ఎంతవరకు అడ్డం? కాంతి గాజుతీగలో సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్‌కు రోడ్డు దూరం 700 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ అనుకుంటే, పోయిరావడానికి 7 మిల్లీసెకన్లు చాలు. రూటర్లు, చుట్టుదారులు కలిసి దాన్ని కొన్ని రెట్లు చేసినా, మౌస్ కదలికలో తేడా పెద్దగా తెలియదు. మొబైల్ టవర్ మీద రద్దీ ఉన్న సాయంత్రాలే అసలు ఇబ్బంది పెడతాయి. తేలికపాటి ఆఫీసు పనికి 1.5 ఎంబీపీఎస్, మామూలు పనికి 3 ఎంబీపీఎస్ ఉండాలని మైక్రోసాఫ్ట్ సిఫారసు చేస్తోంది. తెర రంగుల లోతు తగ్గించడం, వాల్‌పేపర్ ఆపడం, వీడియోలు ఆఫీసు కంప్యూటర్‌లో కాకుండా సొంత ల్యాప్‌టాప్‌లో చూడటం వల్ల బలహీనమైన లైన్ మీద కూడా పని నెట్టుకురావచ్చు.

దిశ తిరగబడితే సంగతి వేరు. కంప్యూటర్ ఊళ్లోని సహకార సంఘంలోనో, పాఠశాలలోనో ఉండి, దాన్ని సరిచేసే నిపుణుడు నగరంలో ఉన్నాడనుకుందాం. అప్పుడు ఊరి కంప్యూటరే బయటికి వీపీఎన్ అనే సంకేతీకరించిన సొరంగం తెరిచి ఉంచాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాధనంలో ఇందుకోసం ప్రతి 25 సెకన్లకు ఒక చిన్న ప్యాకెట్ పంపే అమరిక ఉంది. దానితో మధ్యలోని చిరునామా మార్పిడి పట్టిక ఆ దారిని మూసేయకుండా ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ దానంతట అదే ఆన్ అయ్యేలా బయాస్‌లో పెట్టుకోవడం, స్లీప్ మోడ్ ఆపడం, రూటర్‌కు కూడా యూపీఎస్ ఇవ్వడం పల్లెల్లో సర్టిఫికెట్ అంత ముఖ్యం.

గాజుతీగ పల్లెలకు చేరే కొద్దీ ఈ అవకాశం విస్తరిస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబర్‌లో ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కు తర్వాత భారత్‌నెట్ అయింది. తమిళనాడులో టాన్‌ఫినెట్ సంస్థ 12,525 గ్రామ పంచాయతీలను కలిపే పనిలో ఉంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. తెలంగాణలో టీ-ఫైబర్ పనిచేస్తోంది.

తెలుగునాట దూర ప్రవేశం

హైదరాబాద్ ఐటీ రంగం దూర ప్రవేశం మీదే నిలబడింది. 1991 జూన్‌లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా ఉపగ్రహ లింకులు అందించడంతో, అమెరికాలోని మెయిన్‌ఫ్రేమ్‌లను ఇక్కడి ఇంజనీర్లు తెరిచి పనిచేయగలిగారు. అప్పట్లో 64 కేబీపీఎస్ లైన్ గొప్ప సౌకర్యం. వైటూకే (2000 సంవత్సరపు తేదీ సమస్య) కాలంలో పాత కోబాల్ ప్రోగ్రాములను సరిదిద్దే పని ఈ లైన్ల మీదే జోరుగా సాగింది. 1998 నవంబర్ 22న హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది.

అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో దూర ప్రవేశం మరో రూపం తీసుకుంది. మైత్రీవనం చుట్టుపక్కల మెయిన్‌ఫ్రేమ్, శాప్ కోర్సులు నేర్చుకునేవారికి అంత ఖరీదైన సర్వర్ సొంతంగా ఉండదు. కోర్సుతో పాటు ‘సర్వర్ యాక్సెస్’ ఇవ్వడం అక్కడ వాడుకైంది. జిల్లాల నుంచి వచ్చి హాస్టల్ గదుల్లో ఉంటూ ఎక్కడో ఉన్న సర్వర్‌లో లాగిన్ అయి సాధన చేసి ఉద్యోగాలు తెచ్చుకున్నవారు ఎందరో. ఆ రకంగా సర్వర్ యాక్సెస్ అన్న మాట తెలుగు యువతకు గేట్‌వే కన్నా ముందే దగ్గరైంది.

అసలు పరీక్ష 2020లో వచ్చింది. మార్చి 4న హైదరాబాద్ మైండ్‌స్పేస్‌లో ఒక ఉద్యోగికి కరోనా సోకిందన్న అనుమానంతో భవనం ఖాళీ చేయించారు. ఆ నెల 25 నుంచి దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలైంది. అప్పటిదాకా కాల్ సెంటర్లు, బీపీఓల ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయాలంటే టెలికాం శాఖ నిబంధనలు కఠినంగా ఉండేవి: సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, టెలికాం కంపెనీ ఇచ్చే ప్రైవేటు వీపీఎన్ వాడాలి. మార్చి 13న ఆ శాఖ ఈ రెండింటినీ తాత్కాలికంగా సడలించి, సంస్థలు తామే అమర్చుకునే సురక్షిత వీపీఎన్‌కు అనుమతి ఇచ్చింది. నవంబర్ 5న నమోదు అవసరాన్నే తీసేసింది. 2021 జూన్ 23న నిబంధనలను మరింత సరళం చేసింది.

ఆ కొన్ని వారాల్లో ఐటీ విభాగాలు చేసిన పనిని గుర్తుంచుకోవాలి. డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఆఫీసుల్లోనే ఉండిపోయాయి, మనుషులు శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా సొంతూళ్లకు చేరారు. ఈ రెంటినీ కలిపినవి గేట్‌వేలు, వీపీఎన్‌లే. వందమంది కోసం పెట్టిన వ్యవస్థను వేలమందికి విస్తరించడం, సర్టిఫికెట్లు, లైసెన్సులు, ఫైర్‌వాల్ నియమాలు సరిచూడటం, ఊళ్లలో ఉన్నవారికి ఫోన్‌లో తెలుగులో చెబుతూ అమరికలు చేయించడం లాంటి పనులన్నీ మూసిన నగరాల్లోనే జరిగాయి. ఆ శ్రమకు తగిన గుర్తింపు దక్కలేదన్నది నిజం. సొంతూళ్ల నుంచే పనిచేసేవారి కోసం ఊళ్లలో కేంద్రాలు ఏర్పాటు చేసే ‘వర్క్ ఫ్రమ్ హోమ్ టౌన్’ ఆలోచన ఆంధ్రప్రదేశ్‌లో ఈ అనుభవం తర్వాతే ముందుకొచ్చింది.

లోపాలు, పాఠాలు

గేట్‌వే పెట్టినంత మాత్రాన భద్రత దానంతట అదే రాదు. 2019 మే 14న మైక్రోసాఫ్ట్ ‘బ్లూకీప్’ అనే ఆర్‌డీపీ లోపానికి మరమ్మతు విడుదల చేసింది. పాస్‌వర్డు కూడా లేకుండా యంత్రాన్ని స్వాధీనం చేసుకునే వీలిచ్చే లోపం అది. మద్దతు ఎప్పుడో ఆగిపోయిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మరమ్మతు ఇచ్చారంటే దాని తీవ్రత తెలుస్తుంది. 2020 జనవరి 14న గేట్‌వేలోనే ‘బ్లూగేట్’గా పిలిచే రెండు లోపాలు బయటపడ్డాయి. అవి యూడీపీ మార్గాన్ని నడిపే భాగంలో ఉన్నాయి. మరమ్మతు వేసేదాకా 3391 మూసి పెట్టుకోవడం తాత్కాలిక రక్షణగా పనిచేసింది. అవసరం లేని పోర్టును తెరవకపోవడం ఎందుకు మంచిదో ఈ ఉదంతమే చెబుతుంది.

2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వన్నాక్రై రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకూ సోకింది. అది వ్యాపించింది ఆర్‌డీపీ వల్ల కాదు, ఫైళ్లు పంచుకునే 445 పోర్టులోని లోపం వల్ల. అయినా పాఠం ఒకటే: లోపలి సేవలు ఇంటర్‌నెట్‌కు కనిపించకూడదు, మరమ్మతులు ఆలస్యం కాకూడదు. గేట్‌వే సర్వర్‌కు నెలనెలా వచ్చే మరమ్మతులను వేయడానికి ఒక రాత్రి కేటాయించుకోని సంస్థ, గేట్‌వే పెట్టుకోకపోవడమే మేలు.

రికార్డులు, చట్టబద్ధ బాధ్యత

గేట్‌వే చేసే పనుల్లో అతి తక్కువమంది పట్టించుకునేది లాగ్. ఈవెంట్ వ్యూయర్‌లో టెర్మినల్ సర్వీసెస్ గేట్‌వే కింద ఉన్న ఆపరేషనల్ లాగ్ తెరిస్తే ప్రతి రాకపోకా కనిపిస్తుంది. 200 అంటే క్యాప్ ఒప్పుకుంది, 201 అంటే తిరస్కరించింది. 300 ర్యాప్ అనుమతి, 301 ర్యాప్ తిరస్కారం. 302 కనెక్షన్ కలిసిందని చెబుతుంది. కనెక్షన్ తెగినప్పుడు వచ్చే 303లో ఎంతసేపు ఉన్నారో, ఎన్ని బైట్లు వెళ్లాయో ఉంటాయి. 304 వస్తే పాలసీలు ఒప్పుకున్నా అవతలి కంప్యూటర్ పలకలేదని అర్థం. అది ఆఫ్ అయి ఉండవచ్చు, లేదా దాని ఫైర్‌వాల్ అడ్డుపడి ఉండవచ్చు. తప్పు పాస్‌వర్డులు సెక్యూరిటీ లాగ్‌లో 4625గా చేరతాయి. యూజర్ ఫోన్ చేసి ‘కనెక్ట్ కావడం లేదు’ అన్నప్పుడు ఈ అంకెలు చూస్తే సగం పని అయిపోతుంది. అర్ధరాత్రి అకౌంట్స్ యూజర్ పేరు మీద పెద్ద మొత్తంలో డేటా బయటికి పోయినట్లు 303 చెబితే, వెంటనే మేలుకోవాల్సింది నిర్వాహకుడే.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, నిర్దేశించిన సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, యంత్రాల గడియారాలను ఎన్‌టీపీతో సరిచేసుకోవాలి. గడియారం నిబంధన చిన్నదిగా కనిపిస్తుంది గానీ, డొమైన్ ధ్రువీకరణకు వాడే కెర్బరోస్ మామూలుగా 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. సమయాలు కలవని లాగ్‌లతో దర్యాప్తు కూడా ముందుకు సాగదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వ్యక్తిగత వివరాలు కాపాడే బాధ్యతను వాటిని వాడే సంస్థ మీదే పెట్టింది.

ఇతర మార్గాలు

ఆర్‌డీ గేట్‌వే ఒక్కటే దారి కాదు. వీపీఎన్ పద్ధతిలో యూజర్ ల్యాప్‌టాప్ ఆఫీసు నెట్‌వర్కులో భాగమైపోతుంది. 2001లో వచ్చిన ఓపెన్‌వీపీఎన్, 2020లో లినక్స్ కెర్నల్ 5.6తో చేరిన వైర్‌గార్డ్ ఇందుకు ప్రసిద్ధం. వీపీఎన్‌తో ఆఫీసు నెట్‌వర్కు మొత్తం చేతికందుతుంది కాబట్టి, ఇంటి ల్యాప్‌టాప్‌లోని వైరస్‌కూ దారి దొరికే ప్రమాదం ఉంది. గేట్‌వే మాత్రం ఒక్క కంప్యూటర్ తెరను మాత్రమే చూపిస్తుంది.

లినక్స్ సర్వర్ల కోసం ఎస్‌ఎస్‌హెచ్ బాస్టియన్ వాడతారు. బయటివారు ముందు బాస్టియన్‌లో లాగిన్ అయి, అక్కడి నుంచి లోపలి సర్వర్‌కు వెళ్తారు. పాస్‌వర్డు బదులు కీలు వాడటం ఇక్కడ తప్పనిసరి అలవాటు. ఉచిత, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన అపాచీ గ్వాకమోలితో ఆర్‌డీపీ, వీఎన్‌సీ, ఎస్‌ఎస్‌హెచ్ మూడూ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. లైసెన్సుల ఖర్చు భరించలేని పాఠశాలలకు, చిన్న సంస్థలకు ఇది నిజమైన ఆసరా. క్లౌడ్‌లో యంత్రాలున్నవారికి అజూర్ బాస్టియన్ లాంటి తయారు సేవలున్నాయి. క్లౌడ్ కేంద్రాలు కూడా దగ్గరయ్యాయి. అజూర్‌కు చెన్నైలో దక్షిణ భారత రీజియన్ ఉంది, అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ తెరిచింది.

ప్రస్తుత ధోరణి

నెట్‌వర్కు లోపల ఉన్నంత మాత్రాన ఎవరినీ నమ్మకూడదు, ప్రతి అభ్యర్థననూ మనిషిని, యంత్రాన్ని, సందర్భాన్ని చూసి విడివిడిగా తూచాలి అన్న ‘జీరో ట్రస్ట్’ పద్ధతి ఇప్పుడు బలపడుతోంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020 ఆగస్టులో దీనికి మార్గదర్శకాలు ప్రచురించింది. క్యాప్, ర్యాప్‌లలో ఈ ఆలోచన బీజరూపంలో ఎప్పుడో ఉంది: మనిషిని వేరుగా, గమ్యాన్ని వేరుగా తూచడం. సాధనాల పేర్లు మారతాయి, పోర్టులు మారతాయి, పాస్‌వర్డుల స్థానంలో పాస్‌కీలు వస్తాయి. ఎవరు, ఎక్కడికి, ఎంతసేపు అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసిపెట్టుకోవాల్సిన బాధ్యత మాత్రం మారదు.

చిన్న ఊరి సంస్థలకు ఈ జాగ్రత్తలు అందనంత ఖరీదైనవన్న భయం అక్కర్లేదు. 3389 మూయడానికి డబ్బు ఖర్చు కాదు. ఉచిత సర్టిఫికెట్, ఉచిత గేట్‌వే సాఫ్ట్‌వేర్, ఫోన్‌లో రెండో అంచె ధ్రువీకరణ, బయట దాచిన బ్యాకప్, నెలకోసారి మరమ్మతులు ఒక పాత సర్వర్ మీద కూడా సాధ్యమే. నగరంలోని పెద్ద సంస్థకు ఎంత భద్రత కావాలో, పాలక్కోడులోని ఒక కమీషన్ ఏజెంటు లెక్కల కంప్యూటర్‌కూ అంతే కావాలి. ఆ లెక్కలు పోతే నష్టపోయేది ఆయన ఒక్కడే కాదు, ఆయనకు సరుకు వేసిన రైతులు కూడా.